ఆరుద్ర కార్తెలో ఆరు రోజులు: బెజవాడ మట్టిలో ఉండపురుగుల కోసం

మొదటి రోజు

ఆరుద్ర కార్తె ప్రవేశించిన మూడో నాడు తెల్లవారుజామున బెజవాడ స్టేషన్‌లో దిగేసరికి ప్లాట్‌ఫారం ఇంకా తడిగానే ఉంది. నా సంచిలో బట్టలకన్నా డబ్బాలే ఎక్కువ. మూతలకు చిల్లులు పెట్టి దోమల జాలీ అంటించిన ఎనిమిది ప్లాస్టిక్ డబ్బాలు, పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం, రెండు మెత్తని కుంచెలు, ఒక స్టీలు చెంచా, ఎండబెట్టిన బాదం ఆకులు తెచ్చుకున్నాను. నా పని అజిత్‌సింగ్ నగర్‌లోని మా మేనమామగారి పెరట్లో మొదలు కావలసి ఉంది.

ఐదేళ్ల కిందట ఆ పెరట్లోని జామచెట్టు కింద, ఊడ్చి పోగేసిన ఆకుల అడుగునే, నేను మొదటిసారి ఐసోపాడ్లను శ్రద్ధగా చూశాను. ముట్టుకుంటే ఉండచుట్టుకుంటుంది గనుక మా అత్తయ్య దాన్ని ఉండపురుగు అంటారు. చుట్టుకోకుండా పరుగెత్తే రకాన్ని కూడా ఆమె ఆ పేరుతోనే పిలుస్తారు, నేనూ ఆ మాటే వాడతాను. నిజానికి ఇది పురుగుల జాతి కాదు, రొయ్యకూ పీతకూ దాయాది. పురుగుకు ఉండేవి ఆరు కాళ్లయితే దీనికి ఏడు జతలు ఉంటాయి. పూర్వీకులు నీళ్లు వదిలి నేలమీదికి వచ్చినా ఊపిరి మాత్రం ఇప్పటికీ తడినే కోరుతుంది. పొట్ట కింద వరుసగా ఉండే పలకలు తేమగా ఉన్నంత సేపే దానికి గాలి అందుతుంది. అందుకే రాలిన ఆకుల కిందా, కుళ్లిన చెక్క కిందా, కుండీల అడుగునా కాపురం ఉంటూ, ఆ ఆకునూ చెక్కనూ తిని మట్టికి ఇస్తుంది. ఆనాడు అక్కడినుంచి తీసుకెళ్లిన పాతికతో హైదరాబాదులో ఒక డబ్బా మొదలుపెట్టాను. రెండో వేసవిలో నేను ఊళ్లో లేని వారం రోజుల్లో అది ఎండిపోయి మొత్తం పోయింది. మళ్లీ అక్కడినుంచే తెచ్చుకుందామని అనుకుంటూ ఉండగానే 2024 సెప్టెంబరు 1న బుడమేరు వరద సింగ్‌నగర్‌ను ముంచెత్తింది.

మావయ్య గేటు దగ్గరే ఎదురుచూస్తున్నారు. "ముందు కాఫీ తాగు అల్లుడూ, పెరడు ఎక్కడికీ పోదు" అన్నారుగానీ నేను ఆగలేకపోయాను. జామచెట్టు బతికే ఉంది. దాని మొదలు మీద నా ఛాతీ ఎత్తున వరద గీత ఇప్పటికీ బూడిదరంగులో కనిపిస్తోంది. కింద ఆకుల పోగు లేదు. వరద తీశాక నాలుగు వేళ్ల మందాన పేరుకున్న బురదను కూలీలతో తీయించామనీ, దానితోపాటు పాత మట్టి కూడా పోయిందనీ, మిగిలిన నేల ఎండకు గట్టిపడిందనీ మావయ్య చెప్పారు. చెంచాతో పన్నెండు చోట్ల తవ్వి చూశాను. ఒకచోట వానపాము విసర్జించిన చిన్న మట్టి గుళికలు కనబడ్డాయి, మూడుచోట్ల చీమలు ఉన్నాయి, గోడవారగా ఒక జెర్రి పరుగెత్తింది. ఉండపురుగు ఒక్కటీ లేదు.

రాత్రి భోజనాల దగ్గర అత్తయ్య ఆ నాటి సంగతి చెప్పారు. నీళ్లు మెట్టు మెట్టుగా పైకి వస్తున్నప్పుడు వాటికన్నా ఒక జానెడు ముందుగా గోడ మీద బొద్దింకలూ, జెర్రులూ, చీమల బారులూ పైకి ఎక్కుతూ వచ్చాయట. చేతికందిన సామానూ, తులసి కుండీనీ మోసుకుని తామూ డాబా మీదికి వెళ్లామని, చీకట్లో కాళ్ల మీద ఏదో పాకుతున్నా దులుపుకునే ఓపిక లేకపోయిందని చెబుతూ ఆమె కొంచెంసేపు మాట ఆపేశారు. ఆ ఇంట్లో ఆ రోజుల గురించి ఎవరూ ఎక్కువగా మాట్లాడరు.

రెండవ రోజు

పొద్దున్నే ప్రకాశం బ్యారేజి దాటి ఉండవల్లి వైపు వెళ్లాను. 1957లో కట్టిన ఈ బ్యారేజి మీద నిలబడి చూస్తే ఎగువన భవానీ ద్వీపం, దిగువన ఇసుక తిన్నెలు కనిపిస్తాయి. నది ఏటా తెచ్చిపోసిన ఒండ్రు మట్టి మీదనే అవతలి ఒడ్డున అరటితోటలు పెరుగుతున్నాయి. నా ఆలోచన ఏమిటంటే, సింగ్‌నగర్ పెరట్లో పోయినదాన్ని తిరిగి నిలపాలంటే ఆ జీవాలు ఈ చుట్టుపక్కల ముందునుంచీ ఉంటున్నవే కావాలి. హైదరాబాదులో నా దగ్గర ఐరోపా జాతులు రెండున్నాయి, చూడటానికి ఎంతో అందంగా ఉంటాయి. వాటిని ఏనాడూ పెరట్లో వదలను. ఎక్కడినుంచో వచ్చిన జాతి మన మట్టిలో స్థిరపడి ఇక్కడివాటి కూడు లాక్కుంటే ఆ తప్పును వెనక్కి తీసుకునే దారి ఉండదు. పెంచేవాళ్లు అందరూ ముందుగా పెట్టుకోవలసిన నియమం ఇదేనని నా గట్టి నమ్మకం.

గుహాలయాలను వచ్చేటప్పుడు చూద్దామనుకుని నేరుగా తోటల్లోకి నడిచాను. తోట యజమాని ఒక పెద్దాయన. నేను వచ్చిన పని వివరించాక కాసేపు నన్నూ నా డబ్బాలనూ మార్చి మార్చి చూసి, "పురుగుమందు కొట్టని మూల అదిగో, అక్కడ వెతుక్కో బాబూ" అని చేయి చూపించారు. మందు కొట్టారా అన్న ప్రశ్న నేనే అడగవలసి ఉంది. మందు పడిన ఆకు తిన్న ఐసోపాడ్ డబ్బాలోకి వచ్చాక రెండు మూడు రోజులకు చనిపోతే, కారణం తెలియక మన పెంపకంలో లోపం వెతుక్కుంటాం.

గెల కోశాక నరికి పడేసిన అరటి బోదెలు ఆ మూలన వరుసగా కుళ్లుతున్నాయి. పైనున్న డొప్ప ఎండి కాగితంలా ఉంది. దాన్ని తీస్తే రెండో డొప్ప కింద గోధుమరంగు జిగురు, ఆ జిగురు అంచున, తడికీ పొడికీ సరిగ్గా మధ్యన, అవి ఉన్నాయి. బూడిద చల్లినట్టు లేత ఊదారంగు పొడి పూసుకున్న రకం, వెలుగు పడగానే అన్ని దిక్కులకూ పరుగెత్తింది. దీని శాస్త్రనామం పోర్సెలియోనైడిస్ ప్రూయినోసస్. మనుషుల ఇళ్ల చుట్టూ, పెంటదిబ్బల్లో, ప్రపంచంలో చాలా దేశాల్లో కనిపిస్తుంది. వేలితో ముట్టుకున్న చోట పొడి చెరిగి కింద ముదురురంగు పెంకు బయటపడుతుంది కాబట్టి కుంచెతోనే తోసి డబ్బాలోకి ఎక్కించాను. భూతద్దం కింద ఒకదాన్ని వెల్లకిలా చూస్తే పొట్ట చివర పలకల మీద రెండు జతల తెల్లని మచ్చలు కనబడ్డాయి. అవే దాని గాలి అరలు. మరొకదాని ఛాతీ కింద పసుపుపచ్చని సంచి ఉబ్బి ఉంది. తల్లి గుడ్లను నేల మీద పెట్టదు. ఆ సంచిలోని ద్రవంలోనే అవి పొదిగి, పిల్లలు సంచి చీల్చుకుని బయటికి వస్తాయి. అప్పుడు వాటికి ఆరు జతల కాళ్లే ఉంటాయి, ఏడో జత తర్వాత కుబుసం విడిచినప్పుడు వస్తుంది. ఆ తల్లిని తిరిగి డొప్ప కింద పెట్టేశాను. ఒక బోదె కింద ఎన్ని ఉంటే అందులో మూడో వంతుకు మించి తీసుకోకపోవడం, ఎత్తిన డొప్పను ఎలా ఉన్నదాన్ని అలాగే కప్పడం నేను తప్పని పద్ధతులు. తెరిచి వదిలేసిన డొప్ప ఒక్క మధ్యాహ్నం ఎండకు వరుగై కింద ఉన్న ఊరంతా పోతుంది.

ముప్పై ఉండపురుగులను రెండు డబ్బాల్లో సర్దుకుని, బోదెల కింది ఆకు మట్టిని ఒక సంచిలో తీసుకుని, గుహాలయాలను బయటినుంచే చూసి తిరిగి వచ్చాను. కొండను నాలుగు అంతస్తులుగా తొలిచిన ఆ కట్టడానికి పూర్తి పూట కేటాయించాలి, నా సంచిలో తడి ఆరిపోతుండగా నిలబడి చూడటం సరికాదనిపించింది.

రాత్రి అత్తయ్య ఇచ్చిన పాత నీళ్లసీసాను కోసి గరాటు చేశాను. సీసా పైభాగాన్ని తలకిందులుగా నిలిపి, లోపల జాలీ పరిచి, దాని మీద ఆకుమట్టి పోసి, పైన టేబుల్ లైట్ వెలిగించి, మూతి కింద తడి దూది వేసిన గ్లాసు పెట్టాలి. ఇటలీకి చెందిన ఆంటోనియో బెర్లేసే 1905లో వేడినీటి తొడుగుతో ఇలాంటి గరాటు చేస్తే, స్వీడన్‌కు చెందిన ఆల్బర్ట్ టుల్‌గ్రెన్ 1918లో దానికి దీపాన్ని జోడించారు. పైమట్టి ఆరుతున్నకొద్దీ లోపలి జీవాలు తడి వెతుక్కుంటూ కిందికి దిగి, జాలీ దాటి, గ్లాసులో పడతాయి. తొందరపడి పెద్ద బల్బు పెడితే అవి దిగేలోపే ఎండిపోతాయి గనుక వేడి మెల్లగా తగిలేలా దీపం ఎత్తు పెంచి పడుకున్నాను. తెల్లవారి గ్లాసులో చూస్తే స్ప్రింగ్‌టెయిళ్లనే తెల్లని అతిచిన్న మట్టి జీవాలు డెబ్బైకి పైగా, గింజల్లాంటి గోధుమరంగు మైట్లు కొన్ని, పేను అంత ఉండి రెండు గోళ్లు చాచిన ఒక సూడోస్కార్పియన్ ఉన్నాయి. దానికి తేలు రూపమే తప్ప తేలు తోక లేదు. మావయ్య భూతద్దం తీసుకుని ఆ సూడోస్కార్పియన్‌ను పది నిమిషాలు చూశారు. "ఇంత ఉండి ఇంత పౌరుషమా" అన్నారు.

మూడవ రోజు

కొండపల్లికి బస్సులో వెళ్లాను. కొండల మీది అడవి రిజర్వు అడవి కాబట్టి అక్కడ చూడటమే నా పని. అనుమతి లేకుండా అందులోంచి ఒక ఆకు తీసినా తప్పే. కోట దారిలో రాళ్ల పక్కన రోకలిబండలు బారుగా తిరుగుతున్నాయి. ఉండపురుగుకు ఒక్కో ఖండానికి ఒక్క జత కాళ్లుంటే రోకలిబండకు చాలా ఖండాల్లో రెండేసి జతలు ఉంటాయి. బెదిరినప్పుడు అది వదిలే ద్రవం వేళ్లకు గోధుమరంగు మరక చేస్తుంది, కంటికి తగిలితే మండుతుంది.

ఊళ్లోకి దిగి బొమ్మలు చేసే వీధిలో ఆగాను. బొమ్మలకు వాడే తెల్ల పొణికి చెక్క చేతిలో పట్టుకుంటే బరువే తెలియదు. చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో భాగాలను అతికిస్తూ కూర్చున్న ఒక కళాకారుణ్ణి రంగు తగలని చెక్క తరుగు పిడికెడు అడిగితే, ఎందుకని కూడా అడక్కుండా సంచెడు పోసిచ్చారు. పచ్చి చెక్క ఉండపురుగులకు వెంటనే తిండి కాదు. బూజూ సూక్ష్మజీవులూ ముందు దాన్ని మెత్తబరచాలి. ఆ తరుగును తడిపి, కుళ్లిన ఆకుతో కలిపి, మూత వదులుగా పెట్టి కొన్ని నెలలు పక్కన ఉంచితే ఇంత మెత్తని చెక్క మంచి ఆహారం అవుతుందని నా ఆశ.

ఆ సంతోషం ఇంటికి వచ్చేదాకానే ఉంది. పొద్దున హడావుడిలో రెండో డబ్బాను డాబా మీది రేకుల గదిలో కిటికీ పక్కన వదిలి వెళ్లాను. మూత తీయగానే ఘాటు వాసన కొట్టింది. పదిహేనింటిలో పదకొండు చనిపోయాయి. ఉండపురుగు తన శరీరంలోని నత్రజని వ్యర్థాన్ని ఎక్కువగా అమ్మోనియా వాయువుగానే వదులుతుంది. గాలి ఆడే చోట అది ఎగిరిపోతుంది, మూసిన డబ్బాలో పేరుకుంటుంది. నేను ఆ డబ్బాలో అడుగంతా తడిపి, పొడి మూల ఒక్కటీ మిగల్చలేదు. జాలీ మీద తడి ఆకు అంటుకుని గాలి ఆగిపోయింది, పైన రేకు కాగింది. ఇన్నేళ్లుగా పెంచుతున్నవాణ్ణి చేయకూడని పని. వాటిని జామచెట్టు మొదట్లో పాతిపెట్టాను.

నాల్గవ రోజు

ఎక్కడికీ వెళ్లలేదు. మిగిలిన పంతొమ్మిదింటికీ కొత్తగా ఇల్లు సర్దడంతో రోజంతా గడిచింది. అడుగున నాలుగు వేళ్ల మందం ఆకుమట్టీ కొబ్బరి పొట్టూ కలిపి పరిచాను, పైన బాదం ఆకులు విరిచి వేశాను, ఒక చివర మాత్రమే రాత్రంతా నిలవ ఉంచిన కుళాయి నీళ్లు చల్లి నాచు పెట్టాను. రెండో చివర ఎప్పటికీ పొడిగానే ఉండాలి. తడికీ పొడికీ మధ్య తనకు నచ్చిన చోటు అదే ఎంచుకుంటుంది. మనం చేయవలసిందల్లా ఆ రెండు చివరలనూ కాపాడటమే. పెంకు కోసం సున్నం కావాలి గనుక ఉడికించి నూరిన గుడ్డు పెంకులూ, పక్షుల సామాను అమ్మే కొట్లో దొరికిన సముద్రపు నురుగు (కటిల్ చేప ఎముక) ముక్కా వేశాను. వారానికోసారి రెండు ఎండు రొయ్యలు కూడా వేయాలి. దాయాదిని దాయాదికి పెట్టడం వినడానికి కటువుగా ఉంటుంది. కానీ మాంసకృత్తులు చాలకపోతే అవి కుబుసం విడుస్తున్న తోటివాటినే కొరుకుతాయి, అంతకన్నా ఇదే మేలు. వేపాకు మాత్రం నేను వేయను.

స్ప్రింగ్‌టెయిళ్లను కట్టెబొగ్గు ముక్కలు నింపిన వేరే డబ్బాలో అడుగు తడిగా ఉండేలా పోసి, పైన నాలుగు బియ్యపు గింజలు చల్లాను. గింజ మీద పట్టే బూజే వాటి తిండి. సంఖ్య పెరిగాక ఉండపురుగుల డబ్బాలో కొన్ని వదిలితే అక్కడి బూజును కూడా అవే అదుపులో ఉంచుతాయి.

సాయంత్రం ఒకటి కుబుసం విడవడం చూశాను. ఉండపురుగు కుబుసాన్ని రెండు విడతలుగా వదులుతుంది, ముందు వెనక సగం, ఒకటి రెండు రోజుల తర్వాత ముందు సగం. నేను చూసినదాని వెనక భాగం అప్పుడే బయటపడి పాలమీగడ రంగులో, ముందు భాగం మాసిన ఊదారంగులో, మధ్యన గీత గీసినట్టు ఉంది. దాన్ని మెల్లగా గాజుపలక మీదికి ఎక్కించి కిందినుంచి చూస్తే, ముందు కాళ్ల నడుమ సున్నం పూసినట్టు తెల్లని పట్టీలు కనబడ్డాయి. పాత పెంకులోని సున్నాన్ని పారేయకుండా వెనక్కి తీసుకుని, కొత్త పెంకుకు పనికివచ్చేలా అక్కడ దాచుకుంటుంది. విడిచిన సగం పెంకును కూడా తిరిగి తినేస్తుంది. అత్తయ్య నా భుజం మీదుగా చూసి, "ఏదీ పోనివ్వదన్నమాట" అన్నారు.

ఐదవ రోజు

మావయ్య పాత స్నేహితురాలు ఒకావిడ దుగ్గిరాల దగ్గర పసుపు వేస్తారు. తెనాలి వైపు వెళ్లే రైల్లో దుగ్గిరాలలో దిగి, ఆటోలో ఆమె పొలానికి వెళ్లాం. గుంటూరు జిల్లాలో పసుపు అంటే దుగ్గిరాల యార్డే గుర్తుకు వస్తుంది. ఆమె కొన్నేళ్లుగా ప్రకృతి వ్యవసాయం చేస్తున్నారు. గుంటూరు కేంద్రంగా పనిచేసే రైతు సాధికార సంస్థ ద్వారా 2016లో రాష్ట్రంలో మొదలైన ఈ పద్ధతిలో ఆవుపేడతో చేసే ఎరువైన ఘన జీవామృతమూ, నేలను ఎండగడ్డితో కప్పే ఆచ్ఛాదనా ముఖ్యమైనవి. నాకు కావలసింది ఆ ఆచ్ఛాదనే.

పసుపు దుంపలు నాటి కొద్దిరోజులే అయింది. ఆచ్ఛాదన కింద నేలను వేలితో గుచ్చితే వేలు సులువుగా దిగింది. గట్టు దాటి పక్క మడిలో, కప్పులేని నల్లనేలలో, అదే వేలు గోరు దాటి దిగలేదు. పగుళ్లు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. ఒక్క రోజు చూపుతో పెద్ద మాటలు చెప్పనుగానీ, గడ్డి ఎత్తిన ప్రతిచోటా స్ప్రింగ్‌టెయిళ్లు చిమ్మడం, పిల్ల రోకలిబండలు వెండి ఉంగరాల్లా చుట్టుకోవడం, ఉండచుట్టుకునే ఉండపురుగులు కూడా నాలుగు ఉండటం నా కళ్లతో చూశాను. బటానీ గింజలో సగం ఉన్న ఆ ఉండను అరచేతిలో పెట్టుకుని కదలకుండా నిలబడితే, కొంతసేపటికి ముందు మీసాలు, తర్వాత తల, ఆ తర్వాత కాళ్లు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. నాలుగే ఉన్నాయి కాబట్టి నాలుగింటినీ అక్కడే వదిలేశాను. "తీసుకెళ్లు బాబూ, ఇవి మాకు ఏం చేస్తాయి" అన్నారామె. ఆ ఎండగడ్డిని మట్టిగా మార్చే పనిలో ఇవి కూడా కూలీలేనని చెబితే, వంగి మరోసారి వాటిని చూశారు.

గట్టు మీద ఆరుద్ర పురుగులు కనిపించాయి, తొలి వానకు వచ్చిన ఎర్రని మఖమల్ గుండీల్లా. చిన్నప్పుడు వాటిని అగ్గిపెట్టెలో గడ్డితో దాచి, మర్నాటికి చచ్చిపోతే ఏడ్చిన జ్ఞాపకం నాకూ ఉంది. పెంపకానికి ఇవి తగవు. ఎనిమిది కాళ్ల మైటు జాతికి చెందిన ఈ జీవి పిల్లగా ఉన్నప్పుడు ఇతర కీటకాల మీద పరాన్నజీవిగా బతికి, పెద్దయ్యాక నేలలోని చిన్న జీవాలను వేటాడుతుంది. ఏడాదిలో ఎక్కువ కాలం మట్టిలోనే ఉండి ఈ కొద్ది రోజులే పైకి వస్తుంది. ఆ కొద్ది రోజులు కూడా డబ్బాలో గడపనివ్వడం న్యాయం కాదు.

ఆరవ రోజు

ఉండవల్లి నుంచి తెచ్చినవాటిని ఈ రోజు పెరట్లో వదలాలని అనుకున్నాను. అందుకోసం జామచెట్టు కింద మట్టిని గుల్లచేసి, ఎదురింటివారి పెరట్లోని ఆకులు కూడా పోగేసి తడిపి సిద్ధం చేశాను. పొద్దున డాబా మీద తులసికి నీళ్లు పోస్తున్న అత్తయ్యకు సాయం చేయబోయి, నీళ్లట్యాంకు నీడలో ఉన్న ఆ కుండీ అడుగున మట్టి పొర పేరుకుని ఉండటం గమనించాను. వరద రాత్రి మోసుకెళ్లిన ఆ కుండీని బరువని మళ్లీ కిందికి దింపలేదు. అంతకుముందు ఏళ్ల తరబడి అది ఉన్నది జామచెట్టు పక్కనే.

మావయ్యా నేనూ దాన్ని చెరో వైపు పట్టి వంచాం. నీళ్లు కారే చిల్లు చుట్టూ, కుండీ అంచు నీడలో, ఊదారంగు పొడి పూసుకున్నవి గుంపుగా ఉన్నాయి. లెక్కపెట్టేలోపే సగం చిల్లులోకి దూరిపోయినా నలభైకి తగ్గవు. మొన్నటి వేసవి డాబా ఎండలో ఆ కుండీకి రోజూ తప్పకుండా పోసిన చెంబెడు నీళ్లే వాటిని నిలిపాయి. పెరట్లో నేను వెతికినవి నా తల మీదనే ఉన్నాయి.

ఇక ఉండవల్లివి పెరట్లో అవసరం లేకపోయింది. ఈ పెరటికే చెందిన గుంపు ఉన్నప్పుడు పదిహేను కిలోమీటర్లు కాకపోయినా మరోచోటి నుంచి తెచ్చి కలపడం ఎందుకని మావయ్యతో అంటే ఆయనా ఒప్పుకున్నారు. గోనెపట్టా పరిచి, కుండీని అంగుళం అంగుళంగా మెట్ల మీదుగా దింపి, జామచెట్టుకు ఉత్తరం వైపు, మధ్యాహ్నపు ఎండ తగలని చోట పెట్టాం. కుండీని నేలకు ఆనించకుండా మూడు పెంకుల మీద నిలిపి, చిల్లు కిందనుంచి ఆకుల పోగు దాకా తడి ఆకులతో జానెడు వెడల్పు దారి పరిచాను. ఆ ఆకులను ఊడ్చవద్దని పనిమనిషికి చెప్పే బాధ్యత అత్తయ్య తీసుకున్నారు.

ఉండవల్లి డబ్బాను నాతో హైదరాబాదు తీసుకెళ్తున్నాను. రాత్రి రైలెక్కే ముందు తడి చివర ఒక బాదం ఆకు ఎత్తి చూస్తే, ఆకు అడుగున ఆవగింజలో సగం కూడా లేని తెల్లని చుక్కలు కదులుతున్నాయి. ఎవరి సంచి చీలిందో తెలియలేదు, రెండవ రోజు నేను వదిలేసి వచ్చిన తల్లి కాదు. భూతద్దం పెట్టి ఒకదాని కాళ్లు లెక్కపెట్టాను. ఆరు జతలే ఉన్నాయి.